డిగ్రీ అయ్యాక ఎంబీబీఎస్: మధ్యలో ఎమ్మెస్సీ చేయాలా, వద్దా?

నెల్లూరు, కావలి, ఒంగోలు, మార్కాపురం డిగ్రీ కాలేజీల్లో సీబీజెడ్ (కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ), బయోటెక్, మైక్రోబయాలజీ ఆఖరి ఏడాదికి వచ్చేసరికి కొందరికి పాత కోరిక మళ్లీ లేస్తుంది. ఇంటర్ తర్వాత నీట్ రాశారు, సీటు రాలేదు. కొందరు ఒక లాంగ్ టర్మ్ (నీట్ కోసమే ఏడాది కోచింగ్) కూడా చేశారు. ఇంట్లో ‘ఖాళీగా ఎందుకు, డిగ్రీలో చేరు’ అంటే చేరారు. ఇప్పుడు ఒకపక్క ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష పీజీసెట్, ఇంకోపక్క నీట్. ‘ముందు ఎమ్మెస్సీ చేసుకో, చేతిలో పీజీ ఉంటుంది, సబ్జెక్టు గట్టిపడుతుంది, నీట్ ఎప్పుడైనా రాసుకోవచ్చు’ అని చెప్పేవాళ్లకు మన ఊళ్లలో కొదవ లేదు.

ఆ సలహాలో చేతిలో పీజీ ఉంటుందన్న మాట నిజం. నీట్ ఎప్పుడైనా రాసుకోవచ్చన్నది కాగితం మీద నిజం. సబ్జెక్టు గట్టిపడుతుందన్నదే తేడా కొడుతుంది. ఎంబీబీఎస్ సీటు ఇచ్చేది నీట్ ర్యాంకు ఒక్కటే. ఎమ్మెస్సీకి వెయిటేజీ మార్కులు లేవు, కోటా లేదు. ఇద్దరికి ఒకే మార్కులు వచ్చినప్పుడు కూడా ముందు బయాలజీ మార్కులు చూస్తారు తప్ప పీజీ ఉందా అని చూడరు. సీటు వచ్చాక ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చేసినవాళ్లూ మొదటి ఏడాది బయోకెమిస్ట్రీ అందరితోపాటు కూర్చుని చదవాల్సిందే.

కాబట్టి ఎమ్మెస్సీ గురించి ఆలోచించేముందు తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. వాటిని వరసగా చూడండి.

ముందు ఇంటర్ మెమో తీయండి

డిగ్రీలో ఎంత పర్సెంటేజీ వచ్చినా నీట్ అర్హతకు మొదట చూసేది ఇంటర్ గ్రూపు మార్కులు. పాత పద్ధతిలో బైపీసీ చేసినవాళ్లకు బోటనీ, జువాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఒక్కోటి ప్రాక్టికల్స్‌తో కలిపి 150 మార్కులు, మొత్తం 600. ఓసీలకు అందులో 50 శాతం, అంటే 300 కావాలి. బీసీ, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం, అంటే 240. మొత్తం వెయ్యిలో మీకెన్ని వచ్చాయన్నది ఇక్కడ పనికిరాదు. ఇంగ్లీషులో, తెలుగులో, సంస్కృతంలో వచ్చిన మార్కులు పక్కనపెట్టి ఈ నాలుగూ కూడండి. సంస్కృతం పుణ్యాన మొత్తం మార్కులు బాగానే కనిపించి, గ్రూపులో 290 దగ్గర ఆగిపోయినవాళ్లు ఉంటారు. ఆ సంగతి కౌన్సెలింగ్ రోజున తెలిస్తే చేసేదేమీ ఉండదు.

తక్కువ పడితే నీట్ ఇన్ఫర్మేషన్ బులెటిన్‌లో క్వాలిఫయింగ్ పరీక్షల కోడ్‌లు చదవండి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీల్లో కనీసం రెండు ఉన్న బీఎస్సీని ఆధారంగా తీసుకునే కోడ్ అందులో ఉంది, కొన్ని షరతులతో. ఎమ్మెస్సీకి కోడ్ లేదు. ఇంటర్ కొరతను పీజీతో పూడ్చుకోవచ్చని ఎవరన్నా అంటే, ఆ బులెటిన్ తెరిచి ఎక్కడుందో చూపించమనండి.

ఇంటర్ ఎంపీసీ చేసి డిగ్రీలో బయోటెక్ వైపు వచ్చినవాళ్ల దారి వేరు. 2023 నవంబర్‌లో జాతీయ వైద్య కమిషన్ ఇచ్చిన నోటీసు ప్రకారం, ఇంటర్ అయ్యాక గుర్తింపు ఉన్న బోర్డు నుంచి బయాలజీని అదనపు సబ్జెక్టుగా పాసైనా నీట్‌కు అర్హత వస్తుంది. వీళ్లకు మొదటి మెట్టు ఆ ఒక్క సబ్జెక్టు పాసవడం.

వయసు గురించి భయం వద్దు. చేరే ఏడాది డిసెంబర్ 31కి 17 నిండితే చాలు, పైన పరిమితి లేదు. ఎన్నిసార్లు రాయొచ్చన్న లెక్కా లేదు. అయితే ఈ వెసులుబాటే చాలామందిని ముంచుతుంది. ఎప్పుడైనా రాయొచ్చు కదా అని ఏటా దరఖాస్తు పెడుతూ, ఏటా సగం చదివి రాస్తుంటారు.

ఒక ఆదివారం మూడు గంటలు కేటాయించండి

నిర్ణయం తీసుకోవడానికి బంధువుల సలహాకన్నా ఒక పాత ప్రశ్నపత్రం ఎక్కువ చెబుతుంది. ఇప్పుడు నీట్‌లో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, 720 మార్కులు. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90. సరైన జవాబుకు 4, తప్పుకు మైనస్ 1. 2024 పేపర్ తీసుకోండి. ఆ ఏడాది ప్రతి భాగంలో సెక్షన్ ఏలో 35 ప్రశ్నలు, సెక్షన్ బీలో 15 ఇచ్చి 10 రాయమన్నారు. మీరు సెక్షన్ బీలో మొదటి పది మాత్రమే తీసుకుంటే ఇప్పటి లెక్కకు సరిపోతుంది. 2025 పేపర్ మొదటిసారికి వద్దు. ఆ ఏడాది ఫిజిక్స్ మరీ గట్టిగా వచ్చింది. దాంతో కొలిస్తే మీ స్థాయి అసలుకన్నా తక్కువగా కనిపిస్తుంది.

మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా కూర్చోండి, అసలు పరీక్ష జరిగే వేళ అదే. ఏమీ చదవకుండా, ఫోన్ వేరే గదిలో పెట్టి, ఓఎమ్మార్ షీటు ప్రింట్ తీసుకుని దిద్దుతూ రాయండి. సీబీజెడ్ చదివి, బీఎస్సీ మూడేళ్లూ ఫిజిక్స్ ముట్టుకోని విద్యార్థికి ఇలాంటి లెక్క పడుతుందనుకోండి:

బయాలజీలో 62 ఒప్పు, 18 తప్పు, 10 వదిలేశారు. 248 లోంచి 18 తీస్తే 230.
కెమిస్ట్రీలో 22 ఒప్పు, 13 తప్పు, 10 వదిలేశారు. 88 లోంచి 13 తీస్తే 75.
ఫిజిక్స్‌లో 9 ఒప్పు, 21 తప్పు, 15 వదిలేశారు. 36 లోంచి 21 తీస్తే 15.
మొత్తం 320.

ఈ 320ని చూసి సంతోషపడటమో బాధపడటమో కాదు కావాల్సింది. ఫిజిక్స్‌లో 15 దగ్గర ఆగండి. 180 మార్కుల భాగంలో 15. ఆ 21 తప్పుల్ని ముట్టుకోకుండా వదిలేసినా 36 వచ్చేవి. ఇప్పుడు ఎర్ర పెన్ను తీసుకుని తప్పుపోయిన, వదిలేసిన ప్రతి ప్రశ్న పక్కన ఒక అక్షరం వేయండి: అసలు తెలియనిదైతే ‘తె’, ఒకప్పుడు వచ్చి మరిచిపోయినదైతే ‘మ’, తొందరలో పోయినదైతే ‘తొ’. బయాలజీలో ‘మ’లు ఎక్కువ ఉంటాయి, అవి రెండు నెలల్లో వెనక్కి వస్తాయి. కెమిస్ట్రీలో ఆర్గానిక్ సగం ‘మ’, ఫిజికల్ కెమిస్ట్రీ లెక్కలు ‘తె’. ఫిజిక్స్‌లో దాదాపు అన్నీ ‘తె’.

ఇక్కడే ఎమ్మెస్సీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. మీ లోటు ఫిజిక్స్‌లో ఉంది. ఎమ్మెస్సీ జువాలజీలోనో, మైక్రోబయాలజీలోనో రెండేళ్లు చదివితే గట్టిపడేది ఇప్పటికే 230 వస్తున్న భాగం. కుండ అడుగున చిల్లి ఉంటే మూత మార్చి లాభం లేదు.

పీజీ చదువు నీట్ బయాలజీకి అడ్డంపడే చోటు

ఇది విచిత్రంగా ఉంటుంది గానీ తరచూ జరిగేదే. నీట్ బయాలజీ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం లైనుకు కట్టుబడి ఉంటుంది. ఒక గ్లూకోజ్ అణువు పూర్తిగా ఆక్సిజన్‌తో దహనమైతే ఎన్ని ఏటీపీలు? ఎన్‌సీఈఆర్‌టీ చెప్పే నికర లెక్క 38. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ క్లాసులో 30 నుంచి 32 అని చెబుతారు, ఆ లెక్కే ఇప్పటి శాస్త్రానికి దగ్గర. పరీక్షలో మీరు ‘సరైన’ 32 పెట్టారంటే రావాల్సిన 4 పోయి, ఇంకో 1 కోత పడుతుంది. ఒక్క ప్రశ్నకు 5 మార్కుల తేడా. పీజీ చదివినవాళ్లు ఆప్షన్లలో మినహాయింపులు వెతుకుతారు. ‘ఎల్లప్పుడూ’ అన్న మాట కనిపిస్తే ‘అలా కానివి ఉన్నాయి కదా’ అని ఆగుతారు. ఇంటర్ పిల్లవాడు ఆగడు, పుస్తకంలో ఉన్నది దిద్ది ముందుకు పోతాడు. పీజీ చేసి నీట్ రాయాలనుకునేవాళ్లు ఎన్‌సీఈఆర్‌టీ రెండు పుస్తకాలూ కొత్తగా, తమకేమీ తెలియదన్నట్టు చదవాలి. అహం కాస్త అడ్డొస్తుంది.

గంటల లెక్క

‘ఎమ్మెస్సీ చేస్తూనే నీట్ చదువుకుంటా’ అనేవాళ్లు ఈ లెక్క కట్టుకోవాలి. విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం క్యాంపస్ కాకుటూరులో ఉంది. కావలి నుంచో, ఆత్మకూరు నుంచో రోజూ వచ్చిపోయేవాళ్లకు ప్రయాణమే రోజులో పెద్ద ముక్క తినేస్తుంది. హాస్టల్లో ఉన్నా పొద్దుట క్లాసులు, మధ్యాహ్నం ల్యాబులు, సాయంత్రం రికార్డులు, ఆపైన సెమినార్లు, ఇంటర్నల్స్, హాజరు శాతం. అన్నీ పోను చిత్తశుద్ధితో చదివినా రోజుకు నాలుగు గంటలు. 300 రోజులకు 1200 గంటలు. లాంగ్ టర్మ్‌లో కూర్చున్నవాళ్లు రోజుకు పది గంటలు చదివితే అదే 300 రోజులకు 3000. మీరు పోటీ పడేది వాళ్లతోనే.

దీనికి తోడు నీట్ మే మొదటి ఆదివారం చుట్టూ పడుతుంది. పీజీ రెండో సెమిస్టర్, నాలుగో సెమిస్టర్ పరీక్షలు, ప్రాజెక్టు సమర్పణ అటూ ఇటూగా అదే ఎండల్లో వస్తాయి. చివరి ఆరు వారాలు నీట్‌కు ప్రాణం. గ్రాండ్ టెస్టులు రాసి తప్పులు దిద్దుకునే సమయం అది. ఆ ఆరు వారాలు ప్రాజెక్టు రిపోర్టు బైండింగ్‌కు పోతే రెండూ సగంసగం మిగులుతాయి.

పన్నెండు వారాల పరీక్ష

ఎమ్మెస్సీనా, లాంగ్ టర్మా అన్నది ఈ రోజే తేల్చకండి. డిగ్రీ ఆఖరి సెమిస్టర్ నుంచే పన్నెండు వారాలు ఫిజిక్స్ మాత్రం పట్టుకోండి, రోజుకు మూడు గంటలు. వరస ఇలా పెట్టుకుంటే నడుస్తుంది. మొదటి వారం యూనిట్లు, వెక్టర్లు, కాస్త త్రికోణమితి, లాగరిథమ్‌లు. బైపీసీ వాళ్లు ఫిజిక్స్‌లో పడిపోయేది నిజానికి ఈ లెక్కల దగ్గరే. సైన్ 30 ఎంతో ఆలోచించుకోవాల్సి వస్తే ఏ అధ్యాయమూ ముందుకు సాగదు. తర్వాత రెండు వారాలు చలనం, న్యూటన్ నియమాలు. ఇంకో రెండు వారాలు పని, శక్తి, భ్రమణం. ఉష్ణం, వాయువుల గతిజ సిద్ధాంతానికి వారంన్నర. స్థిర విద్యుత్తు, విద్యుత్ ప్రవాహం, అయస్కాంతత్వం కలిపి మూడు వారాలు, ఇవి బరువైనవి. కాంతి ఒక వారం. మిగిలిన వారంన్నర ఆధునిక భౌతికశాస్త్రం, సెమీకండక్టర్లు. ఇవి తేలిక, మార్కులు చేతికందుతాయి. అందుకే మొదట్లోనే చదివేయాలనిపిస్తుంది. మొదట్లో వద్దు, చివర్లో చదివితే పరీక్షదాకా గుర్తుంటాయి.

ఒక జాగ్రత్త. ట్రంకురోడ్డు పాత పుస్తకాల షాపుల్లో దొరికే మెటీరియల్ చవకే గానీ, 2024 నుంచి నీట్ సిలబస్ తగ్గింది. కెమిస్ట్రీలో ఘనస్థితి, ఉపరితల రసాయనశాస్త్రం, ఎస్ బ్లాకు, పాలిమర్లు, నిత్యజీవితంలో రసాయనశాస్త్రం లాంటివి తీసేశారు. పాత పుస్తకం కొంటే కొత్త సిలబస్ ప్రింటు పక్కన పెట్టుకుని, లేని అధ్యాయాలను పెన్సిల్‌తో కొట్టేసి అప్పుడు మొదలుపెట్టండి.

పన్నెండో వారం చివర 2023 పేపర్ అదే పద్ధతిలో రాయండి, తీసేసిన అధ్యాయాల ప్రశ్నలు వదిలేసి. ఫిజిక్స్ 15 నుంచి 70, 80 దాటిందా? అయితే లాంగ్ టర్మ్‌లో ఒక ఏడాది పెట్టడం అర్థవంతమైన పందెం. 40 లోపే ఉండిపోయిందా? అప్పుడు లోటు సమయంలో లేదు. ఎమ్మెస్సీ తర్వాత రాసినా అక్కడే ఆగుతుంది. ఇవి మా అంచనా గీతలు. మీరు చదివిన గంటల్ని బట్టి అయిదు పది అటూ ఇటూ అనుకోండి. చూడాల్సింది కదలిక ఉందా లేదా అని.

గమ్యం ఎంత అన్నది మార్కుల్లో వెతక్కండి, ర్యాంకుల్లో వెతకండి. 2024లో పూర్తి 720 తెచ్చుకున్నవాళ్లు ఒకరికి మించి ఉన్నారు. 2025లో దేశంలో మొదటి ర్యాంకుకు వచ్చినవి 686. ఏడాది ఏడాదికి మార్కు విలువ అంతగా మారుతుంది. ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం సీట్ల కేటాయింపు జాబితాల్లో మీ కేటగిరీలో, మీ లోకల్ ప్రాంతంలో చివరి సీటు ఏ ర్యాంకుకు వెళ్లిందో చూసి, దాన్ని రెండుమూడేళ్లకు రాసుకోండి. ‘క్వాలిఫై అయ్యాం’ అన్న మాటకు మోసపోవద్దు. 2025లో జనరల్ కేటగిరీ క్వాలిఫయింగ్ మార్కు 144. ఆ మార్కుతో మన దగ్గర కన్వీనర్ కోటా (తక్కువ ఫీజు) సీటు మాట ఎత్తలేం. క్వాలిఫై అయితే చాలనే చోట డబ్బు మాట్లాడుతుంది. ప్రైవేటు కాలేజీల బీ కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా) ఫీజు ఏడాదికి పది లక్షలు దాటింది.

లోకల్ సంగతి

సీట్ల కేటాయింపులో మిమ్మల్ని ఏ యూనివర్సిటీ ప్రాంతానికి స్థానికులుగా లెక్కిస్తారన్నదే లోకల్. నెల్లూరు జిల్లా ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం) ప్రాంతం కిందికి వస్తుంది, ప్రకాశం జిల్లా ఏయూ (ఆంధ్ర విశ్వవిద్యాలయం) ప్రాంతం కిందికి. డిగ్రీ, ఎమ్మెస్సీ ఎక్కడ చేశారన్నదానితో ఇది మారదు. ఇంటర్‌తో ముగిసే చివరి నాలుగేళ్లూ ఎక్కడ చదివారో చూస్తారు. ఆ నాలుగూ ఒకే ప్రాంతంలో లేకపోతే ఏడేళ్ల లెక్క తీస్తారు. ఒంగోలులో ఆరు నుంచి పది దాకా చదివి, ఇంటర్ నెల్లూరు హాస్టల్లో ఉండి చదివినవాళ్లు మన వైపు బోలెడుమంది. వాళ్లకు ఏడేళ్లలో అయిదు ఏయూవి, రెండు ఎస్వీయూవి, అంటే ఏయూ లోకల్. కందుకూరు వైపువాళ్లు జిల్లా పేరు మారిందని సొంతంగా లెక్క వేసుకోకుండా స్టడీ సర్టిఫికెట్లు పట్టుకుని యూనివర్సిటీ హెల్ప్‌లైన్‌లో అడగడం మేలు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చిపెట్టుకోండి. మూతపడిన స్కూలు రికార్డులు ఎంఈఓ ఆఫీసులో వెతికించుకోవడం కౌన్సెలింగ్ వారంలో అయ్యే పని కాదు.

ఎమ్మెస్సీయే మేలయ్యే సందర్భాలు

ఉన్నాయి. మొదటిది, పన్నెండు వారాల తర్వాత కూడా ఫిజిక్స్ కదలనివాళ్లు. రెండోది, ఇంట్లో రెండేళ్లలో జీతం రావాల్సిన పరిస్థితి. మన తీరం పొడవునా రొయ్య హేచరీలు, వాటికి నీళ్లు, పిల్ల పరీక్షించే ల్యాబులు ఉన్నాయి. తెల్లమచ్చ వైరస్‌కు పీసీఆర్ పరీక్ష చేయగలిగిన ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ, బయోటెక్ వాళ్లకు అక్కడ పని దొరుకుతుంది. అలా అనుకుంటే ఎమ్మెస్సీలో చేరేముందు ఆ కాలేజీలో పీసీఆర్ యంత్రం పనిచేస్తోందా, విద్యార్థుల చేత చేయిస్తారా, దూరం నుంచి చూపించి రికార్డు రాయిస్తారా అని సీనియర్లను అడగండి. మూడోది, బోధన, పరిశోధన వైపు నిజంగా మనసున్నవాళ్లు. పేరు ముందు డాక్టర్ కావాలా, మెడలో స్టెతస్కోప్ కావాలా అని తమను తాము నిజాయితీగా అడిగితే మొదటిదని చెప్పేవాళ్లు అనుకున్నదానికన్నా ఎక్కువే ఉంటారు. వాళ్లకు ఎమ్మెస్సీ, నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష), పీహెచ్‌డీ సూటి దారి.

అడిగి చూడాల్సిన ప్రశ్న ఒకటుంది: నీట్ అన్న పరీక్షే లేకపోతే ఈ ఎమ్మెస్సీ చేస్తారా? చేస్తాననుకుంటే చేరండి. చేయననుకుంటే ఆ రెండేళ్లు వెయిటింగ్ హాల్లో కూర్చోవడమే.

వయసు లెక్క కూడా ఇంట్లో కాగితం మీద పెట్టండి. డిగ్రీ 21కి అయితే, ఏడాది లాంగ్ టర్మ్‌తో 22కి ఎంబీబీఎస్. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది హౌస్ సర్జన్సీ, 27 దాటాక డిగ్రీ చేతికొస్తుంది. ఎమ్మెస్సీ చేసి తర్వాత ఏడాది చదివితే 24కి చేరి 29 దాటాక. ఆపైన నీట్ పీజీకి ఒక ఏడాది, ఎండీకి మూడేళ్లు కలిపితే 33, 34. ఆడపిల్లల ఇంట్లో ఈ లెక్క మధ్యలో సంబంధాల మాట దూరుతుంది. దూరేముందే ఎన్నేళ్లు, ఎన్ని ప్రయత్నాలు అన్నది అమ్మానాన్నలతో ఖాయం చేసుకోండి. రెండు పూర్తి ప్రయత్నాలు, అంతే అని గీత గీసుకున్నవాళ్లు ఆ రెండూ బాగా రాస్తారు.

రెండు వలలు

‘మెడికల్ ఎమ్మెస్సీ’ అని మెడికల్ కాలేజీల్లో అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీల్లో మూడేళ్ల కోర్సులుంటాయి. తెల్లకోటు, డిసెక్షన్ హాలు, ఎంబీబీఎస్ పిల్లల పక్కనే క్లాసు. వాటి విలువ వాటికుంది, కానీ అవి చేసినవాళ్లు రోగికి మందు రాయలేరు. అక్కడినుంచి ఎంబీబీఎస్‌లోకి లోపలి తలుపు ఏదీ లేదు.

రెండోది విదేశీ ఎంబీబీఎస్ ఏజెంట్ల మాట: ‘మీకు ఎమ్మెస్సీ ఉంది కదా, నేరుగా రెండో ఏడాదిలో చేర్పిస్తాం.’ 2021 నవంబర్ నిబంధనల ప్రకారం విదేశంలో చదివి ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే కోర్సు కనీసం 54 నెలలు, ఇంగ్లీషు మీడియంలో ఉండాలి. అదే విద్యాసంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ కూడా చేయాలి. ఏడాది ఎగ్గొడితే 54 నెలలు నిండవు. తిరిగి వచ్చాక ఆ డిగ్రీతో ఇక్కడ లైసెన్సు రాదు. విదేశం వెళ్లేవాళ్లకూ నీట్ క్వాలిఫై తప్పనిసరి, ఆ ఫలితం మూడేళ్లు చెల్లుతుంది. ఎమ్మెస్సీలో చేరేముందు నీట్ క్వాలిఫై అయి, రెండేళ్ల తర్వాత వెళ్దామనుకుంటే తేదీ సరిచూసుకోండి.

అమెరికా వైపు చూసేవాళ్లకు

మాస్టర్స్ చేసి ఆపైన మెడికల్ స్కూలు అన్న ఆలోచన అసలు అక్కడిది. అక్కడ వైద్యవిద్య డిగ్రీ తర్వాతే. ఎంక్యాట్ అనే పరీక్ష ఉంటుంది. నాలుగు భాగాలు, మొత్తం 472 నుంచి 528 మధ్య స్కోరు. ఏడాదిలో మూడుసార్లు, జీవితంలో ఏడుసార్లు మించి రాయనివ్వరు. డిగ్రీలో జీపీఏ తగ్గినవాళ్లు ఏడాది ప్రత్యేక మాస్టర్స్ చేసి, మెడికల్ స్కూలు స్థాయి పాఠాలు తట్టుకోగలమని చూపించుకుంటారు. అయితే మాస్టర్స్ మార్కులు డిగ్రీ జీపీఏలో కలవవు, దరఖాస్తులో వేరే గడిలో పడతాయి. ఆ ఏడాదిలో గ్రేడ్లు జారితే ఉన్న అవకాశమూ పోతుంది. కాబట్టి ఎంక్యాట్ స్కోరు తక్కువైనవాళ్లకు ఇది మందు కాదు, జీపీఏ తక్కువైనవాళ్లకే.

ఇక్కడి బీఎస్సీ, ఎమ్మెస్సీ పట్టుకుని వెళ్లేవాళ్లకు చిక్కు ఇంకోచోట ఉంది. చాలా మెడికల్ స్కూళ్లు గ్రీన్‌కార్డు లేనివాళ్లను తీసుకోవు. తీసుకునేవాటిలో కొన్ని ఫీజు ముందే డిపాజిట్ చేయమంటాయి. అవసరమైన బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ కోర్సులు ల్యాబులతో సహా అమెరికన్ కాలేజీలోనే చదివి ఉండాలని అడిగేవి ఎక్కువ. అంటే మేనమామ డల్లాస్‌లో ఉన్నాడని ఇక్కడ ఎమ్మెస్సీ చేసి అక్కడ ఎండీలో (అక్కడి మొదటి వైద్య డిగ్రీ పేరు అదే) చేరే పథకం నిలబడదు. గ్రీన్‌కార్డు ఉన్న పిల్లలైతే ఆ మాస్టర్స్ ఏదో అక్కడే చేయాలి. లేనివాళ్లు ఇక్కడ ఎంబీబీఎస్ పూర్తిచేసి అక్కడి లైసెన్సు పరీక్ష యూఎస్ఎంఎల్ఈ రాయడమే నడిచిన దారి.

చేరాక సీటు వస్తే

లాంగ్ టర్మ్ ఫీజు ఒకేసారి కట్టకండి. మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారో రశీదు మీద రాయించుకోండి, నోటిమాట చెల్లదు. నీట్ రాసి ఫలితం తేలకముందే పీజీలో చేరాల్సి వస్తే, చేరే రోజునే టీసీ, ఇంటర్, డిగ్రీ ఒరిజినల్స్ ఎవరి దగ్గర ఉంటాయో అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. సరిచూసి వెనక్కి ఇచ్చేయాలి. ఆచరణలో ఇంకా అట్టిపెడుతున్నచోట ఆ నోటిఫికేషన్ కాపీ చూపిస్తే పని జరుగుతుంది. ఎంబీబీఎస్ సీటు అలాట్ అయ్యాక రిపోర్ట్ చేయడానికి ఇచ్చే గడువు కొద్ది రోజులే, మధ్యలో ఒక ఆదివారమో పండగో పడుతుంది. టీసీ తీసేముందు ప్రతి పేజీకీ మూడు సెట్ల జెరాక్సులు, ఒక రంగుల స్కాన్ తీయించి ఉంచుకోండి. కొత్త టీసీలో ‘చదువు మధ్యలో ఆపారు’ అని రాస్తారు. కంగారు పడకండి, అది మామూలే.